మూడో సరస్సులో తేలుడు దిబ్బ

వెస్లీకి సొంత పేరు ఉన్నా ఆ ఊళ్లో దానితో పని పడేది కాదు. "ఆర్వో అల్లుడు" అంటే చాలు, పెట్రోలు బంకులో కుర్రాడి నుంచి చర్చి పాస్టరు దాకా అందరూ గుర్తుపడతారు. పెళ్లయిన కొత్తలో, "ఇల్లు దొరికేదాకా పైన ఉండండి" అని మామ ఆర్వో తన ఎరల కొట్టు మీదున్న రెండు గదులు చూపించాడు. తొమ్మిదేళ్లయింది, ఆ ఇల్లు దొరకలేదు. ఫలానా చోట ఒకటి ఖాళీగా ఉందట అని వెస్లీ అనడం, "దాని పైకప్పు కారుతుంది, నాకు తెలుసు" అని ఆర్వో అనడం, అక్కడితో ఆ మాట ఆగిపోవడం.

ఆర్వో చెడ్డవాడైతే గొడవే లేదు. చెడ్డవాడితో పోట్లాడి బయటపడొచ్చు. ఆర్వో మంచివాడు. వయసంతా ఇనుపగనికి ధారపోసి, గని మూతబడ్డాక సరస్సు ఒడ్డున కొట్టు పెట్టుకుని, మంచు కరిగిన దగ్గర్నుంచి మళ్లీ మంచు పడేదాకా తెల్లారకముందే లేచి ఎరగా అమ్మే చిన్నచేపల తొట్లు కడిగే మనిషి. అల్లుడికి ట్రక్కు ఇచ్చాడు, పడవ ఇచ్చాడు, చలికాలానికి కోటు కొనిపెట్టాడు. మగపిల్లలు లేరు కనక కొట్టు బోర్డు మీద "ఆర్వో, కొడుకు" అని రాయించాడు. ఆ బోర్డు కట్టిన రోజు ఊరంతా కాఫీకి వచ్చారు. కింద నిలబడి పైకి చూస్తుంటే వెస్లీకి తన పేరు ఎక్కడా కనిపించలేదు. కళ్లలో నీళ్లు చూసి అందరూ అది సంతోషమనుకున్నారు.

ఆ ఏడు వసంతంలో వెస్లీకి ఒక పని దొరికింది. పడమటి జిల్లాలో, ప్రభుత్వం వాళ్లు చేపపిల్లల్ని పెంచి సరస్సుల్లో వదిలే కేంద్రంలో. చేపలు పట్టేవాళ్లకి ఎరలు అమ్మడం కాకుండా చేపల్నే పెంచే పని. అడిగి వచ్చిన నాటి నుంచి అతనికి అక్కడి నీటితొట్ల చప్పుడే చెవుల్లో ఉంది. వస్తాడో రాడో సోమవారం కల్లా ఫోను చేసి చెప్పమన్నారు. భార్య ఐలీతో చెబితే, ఉతికిన తువ్వాళ్లు మడతపెడుతూ వింది.

"నువ్వు నాన్నకి చెప్పిన మరుక్షణం నేను పెట్టె సర్దుతాను," అంది. "కానీ చెప్పాల్సింది నువ్వే. నేను చెబితే కూతురు అలిగిందనుకుంటాడు. ఓ చాక్లెట్టు పొట్లం చేతిలో పెట్టి మర్చిపోతాడు."

చెప్పాలంటే ఆర్వో నోరు కాసేపైనా ఖాళీగా ఉండాలి. కొట్లో అది జరిగే పని కాదు. ఆదివారం బాస్ చేపలకి వెళ్దామని ఆర్వో అన్నప్పుడు, పడవలో చెప్పేస్తే పోతుందనుకున్నాడు వెస్లీ. పడవలోంచి ఆయన లేచి ఎక్కడికీ పోలేడు కదా అనుకున్నాడు. తనూ పోలేడన్న సంగతి అప్పుడు తోచలేదు.

మే నెల మొదట్లో ఆ ఉత్తరపు ప్రాంతంలో ఎండకి వెలుగే గాని వేడి ఉండదు. చెట్ల నీడల్లో ఇంకా మురికి మంచు కుప్పలు మిగిలే ఉన్నాయి. కొట్టు ముందున్న మొదటి సరస్సు లోతైంది, నీళ్లు చేతిని కొరికేస్తున్నాయి. ఒక గంట విసిరి చూసినా గాలానికి ఏమీ తగల్లేదు. రెండో సరస్సు మీద గాలి. అందుకని మధ్యలో ఉన్న వాగు పట్టుకుని మూడో సరస్సుకి పోనిచ్చాడు ఆర్వో. అది చిన్నది, అడుగంతా నల్లటి బురద. దాని ఉత్తరపు కొసన ఒక ఇరుకు మూతి దాటి వెళ్తే గిన్నెలాంటి మడుగు వస్తుంది. నల్లటి అడుగు ఎండని పీల్చుకుంటుంది కనక మిగతా నీళ్లకన్నా అక్కడి నీళ్లు ముందు వెచ్చబడతాయి. గుడ్లు పెట్టే కాలానికి ముందు బాస్ చేపలు ఒళ్లు కాచుకోవడానికి అక్కడికే చేరతాయి. ఆ రోజుల్లో పట్టినా తిరిగి నీళ్లలోకి వదలాల్సిందే, ఇంటికి తేవడానికి చట్టం ఒప్పుకోదు. అయినా చలికాలమంతా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నవాళ్లకి ఆ మొదటి లాగుడు చేతికి తగిలితే చాలు.

మూతికి కాస్త ఇవతల, పక్కగా, తేలుడు దిబ్బ ఆగి ఉంది. నాచూ గడ్డీ వేళ్లూ ఏళ్లతరబడి అల్లుకుపోయి నీళ్ల మీద చాపలా పరుచుకున్న నేల అది. మీద మనిషెత్తు చెట్లు కూడా మొలిచాయి. తెలియనివాళ్లకి ఒడ్డులాగే కనిపిస్తుంది. గాలి ఎటు తోస్తే అటు సరస్సంతా తిరుగుతుంది.

"పోయినేడాది ఇది ఆ ఒడ్డున ఇల్లున్న సిల్వియా రేవు ముందు నిలబడిపోయింది," అన్నాడు ఆర్వో. "ఆవిడ పొద్దస్తమానం తిట్టింది. ఆ నోటికి కట్టుకున్న మొగుడు పారిపోయాడు గానీ దిబ్బ మాత్రం జరగలేదు."

మడుగులోకి వెళ్లాక మోటారు ఆపి తెడ్డుతో మెల్లగా పోనిస్తూ, ఆర్వో ఎప్పటిలాగే ఇద్దరి గాలాలూ తనే నడిపించాడు.

"నువ్వు ఎర్రది కట్టు. గలగలది."

వెస్లీ కట్టాడు. కడుపులో పూసలు పోసిన చిన్న ప్లాస్టిక్ చేప అది, లాగితే నీళ్లలో గిలక్కాయలా మోగుతుంది. పది పన్నెండుసార్లు విసిరాడు. ఏమీ లేదు.

"తీసెయ్. రేకుది కట్టు. నీళ్లు కాస్త మసగ్గా ఉన్నాయి, మెరుపు కావాలి."

రేకు తిరుగుతూ వచ్చింది, ఖాళీగా వచ్చింది.

"సీసపు తలది కట్టు. అడుగున పాకించు. పాకించడమంటే పాకించడమే. వంతెన కిందోళ్లలాగా పరిగెత్తించకు."

వెస్లీది పెద్ద వంతెనకి దక్షిణాన ఉన్న ఊరు. వంతెనకి ఇవతలివాళ్లు అవతలివాళ్లని వంతెన కింద దాక్కునే భూతాలంటారు. తొమ్మిదేళ్లయినా ఆర్వోకి ఆ హాస్యం పాతబడలేదు. వెస్లీకి మొదటి ఏడాదే పాతబడింది.

కాసేపటికి ఆర్వో గాలం నీళ్లలో మునిగిన మొద్దుకి చిక్కుకుంది. ఆయన వీపు తిప్పి దాన్ని విడిపించుకుంటుంటే వెస్లీ జేబులోంచి తనకి నచ్చిన ఎర తీసి కట్టాడు. సన్నటి వెండిరంగు చేప. పోయినేడాది ఎండిన రెల్లు పక్కకి విసిరాడు. గాలపు కర్ర కొసతో రెండుసార్లు తటాలున లాగి వదిలేశాడు. ఈ ఎర కిటుకంతా వదిలెయ్యడంలోనే ఉంది. చలికి మొద్దుబారిన చేప కదిలేదాన్ని తరమదు. చావబోయే చేప నీళ్ల మధ్యలో అలా ఆగిపోయినట్టు కనిపిస్తే, చాలాసేపు చూసి చూసి, అప్పుడు వస్తుంది. వెస్లీ చేతులు కదపలేదు. ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాడు.

"ఆర్వో, నేనొక మాట..."

దారం పక్కకి జరిగింది. కర్ర విల్లులా వంగింది.

"తొందరపడకు," ఆర్వో అప్పటికే వల పట్టుకుని లేచాడు. "తల తిప్పనీ. కర్ర దించు. దించమంటే దించు. ఇటు తే, ఇటు."

గుడ్లతో బరువెక్కిన పెద్ద చేప. పచ్చటి వీపు, పక్కన నల్లటి చారలు. ఆర్వో వలలోకి తోశాడు, ఆర్వో గాలం తీశాడు, ఆర్వో దవడ పట్టుకుని పైకెత్తి వెలుగులో ఇటూ అటూ తిప్పి చూశాడు, ఆర్వోనే వంగి నీళ్లలో వదిలాడు. ఒకసారి ఇటివ్వండి అని వెస్లీ అడిగేలోపే తోక విదిల్చి పోయింది అది.

"చూశావా. పాకించమన్నాను, దొరికింది."

"అది సీసపు తలది కాదు. నా వెండిది."

"ఏదైతేనేం. నిదానం నేను నేర్పిందే కదా."

వెస్లీ కూర్చుండిపోయాడు. చెప్పాలనుకున్న మాట కడుపులోకి జారిపోయింది. ఇలాగే, చేప వెనక చేప, ఏడు వెనక ఏడు, తన చేతుల్లోంచి తీసుకుంటూ ఈ మనిషి తనని ప్రేమిస్తూనే ఉంటాడనిపించింది.

గాలి మారిన సంగతి ఇద్దరూ ఆలస్యంగా గమనించారు. దక్షిణం నుంచి కొడుతోంది, మబ్బు కమ్మింది. ఇక పోదామని మోటారు వేసి వచ్చిన దారినే వెళ్తే, మూతి ఉండాల్సిన చోట చెట్లున్నాయి.

దిబ్బ వచ్చి సీసాకి బిరడా పెట్టినట్టు సరిగ్గా ఆ సందులో కూర్చుంది. ఆర్వో పడవ ముక్కుతో దాన్ని తోశాడు. అంచు కాస్త మెత్తగా లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చింది. మోటారు గట్టిగా తిప్పేసరికి గడ్డివేళ్లు రెక్కకి చుట్టుకుని, ఒకసారి గురక పెట్టి ఆగిపోయింది. మళ్లీ అంటుకోలేదు. మడుగు చుట్టూ ఒడ్డున్నా అది ఒడ్డు కాదు, నడుంలోతు ఊబి. ఆ పల్లంలో ఫోను పనిచెయ్యదని ఇద్దరికీ తెలుసు. అయినా వెస్లీ దాన్ని పైకెత్తి పట్టుకుని నాలుగు దిక్కులా చూశాడు.

"దిబ్బ మీద నిలబడి తెడ్డుతో ఒడ్డుని తోస్తే అదే జరుగుతుంది," అన్నాడు ఆర్వో.

"దిగకండి."

"నువ్వు పుట్టకముందు నుంచి దాటుతున్నాను ఇలాంటివి."

"అప్పుడు మీరు సన్నగా ఉండుంటారు. దిగకండి ఆర్వో."

ఆర్వో దిగాడు. రెండడుగులు బాగానే వేశాడు. కాళ్ల కింద నేల పరుపులా ఊగింది. మూడో అడుగుకి, చప్పుడు లేకుండా, చంకల దాకా దిగిపోయాడు. టోపీ తల మీదే ఉంది. తాళంచెవి లోపల మర్చిపోయి తలుపు వేసేసుకున్న మనిషిలా "ఊఁ" అన్నాడు.

వెస్లీ పడవని చెట్టుకి కట్టి, కూర్చునే బల్ల ఊడబెరికి దిబ్బ మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని పాకాడు. ఒంటి కింద నీళ్లు కదులుతున్నట్టు తెలుస్తోంది. తెడ్డు ఆర్వో చంకల కిందికి దూర్చాడు. తాడు చుట్టాడు. లాగాడు. ఆర్వో కొంచెం లేచి ఆగిపోయాడు. ఇంకా బలంగా లాగితే బల్లే కిందికి దిగడం మొదలుపెట్టింది.

"కాలు పట్టుకుంది ఏదో," అన్నాడు ఆర్వో. "కింది గడ్డివేళ్ల మధ్య. ఎడమకాలు."

"తిప్పి చూడండి."

"తిప్పుతూనే ఉన్నాను. నువ్వు కుడివైపు లాగు. అలా కాదు. తాడు ఇంకో చుట్టు చుట్టు. నీకు ముడి వెయ్యడం ఎవరు నేర్పార్రా?"

"మీరే."

ఆర్వో సలహాలు చెబుతూనే ఉన్నాడు. తరవాత తగ్గించాడు. తరవాత మానేశాడు. పెదాలు నీలమయ్యాయి. ఆ నోరు ఆగిపోయాక మడుగు మీద గాలి చప్పుడు ఎంత పెద్దదో వెస్లీకి తెలిసింది. అంత భయం అతనికి పుట్టి బుద్ధెరిగాక వెయ్యలేదు.

"ఆర్వో. మాట్లాడండి."

"నువ్వే మాట్లాడు. నాకు నిద్రొస్తోంది."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. మా ఇంట్లోకొచ్చి ఇన్నేళ్లయింది, నీ నోట్లోంచి గట్టిగా నాలుగు మాటలు విన్న పాపాన పోలేదు."

కళ్లు మూతపడుతున్నాయి. చల్లబడుతున్న మనిషి నిద్రపోకూడదని వెస్లీకి తెలుసు. మెదడంతా వెతికాడు. అక్కడున్నది ఒక్కటే మాట.

"నేను వెళ్లిపోతున్నాను," అన్నాడు. "పడమటి జిల్లాలో చేపపిల్లల కేంద్రంలో పని దొరికింది. ఐలీ కూడా వస్తుంది. రేపు ఫోను చేసి వస్తానని చెబుతాను."

ఆర్వో కళ్లు తెరిచాడు. అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"నేను చంకలదాకా మునిగి ఉంటే ఇప్పుడా చెప్పడం?"

"ఇప్పుడైతేనే మీరు మధ్యలో లేచి వెళ్లరు."

"సిగ్గులేదురా నీకు." మొహంలోకి రంగు వచ్చింది. అదే కావాలి వెస్లీకి. "మరి కొట్టు? అంత కొట్టు ఎవరి కోసం పెట్టుకు కూర్చున్నాననుకున్నావ్?"

"మీ కోసం."

"నా కోసమా? మీ అత్త హెల్మి చనిపోయిన ఏడాదే అమ్మేద్దామనుకున్నాను. తెల్లారకముందే చిన్నచేపల కంపు ఎవడిక్కావాలి? సగం జీవితం భూమి కింద గడిపాను, మిగతా సగం తొట్లు కడుగుతూ గడపాలని ఎవడైనా మొక్కుకుంటాడా? కొంటామని మనుషులొచ్చారు కూడా. మీరు పైన ఉన్నారని ఆగాను. మీకు నీడ పోతుందని."

"మేమూ ఆగాం. మీరు ఒంటరైపోతారని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దిబ్బ కింద నుంచి నాలుగు బుడగలు వచ్చి పగిలాయి.

"మన ఇద్దర్లో పెద్ద వెధవ ఎవడంటావ్?" అన్నాడు ఆర్వో.

"బూటు వదిలెయ్యండి. కాల్ని పట్టుకుంది వేళ్లు కాదు, బూటు పట్టీ అయుంటుంది."

"కొత్తవి."

"ఆర్వో."

"కొత్తవిరా."

వెస్లీ ఇక అడగలేదు. చేపలు కోసే కత్తి పళ్ల మధ్య పెట్టుకుని, ఆర్వో నడుం పక్కనుంచి చెయ్యి నీళ్లలోకి దించాడు. భుజం దాకా పోయింది. చెంప నాచుకి ఆనుకుంది, చెవిలోకి నీళ్లు పోయాయి. తడుముకుంటూ పోతే తొడ, మోకాలు, ఆ కింద రబ్బరు బూటు. పట్టీ ఒక వేరుకి మెలికపడి బిగుసుకుపోయి ఉంది. కత్తి ఆ చేతికి మార్చుకుని మళ్లీ దించాడు. చేతివేళ్లకి స్పర్శ లేదు, ఏది కోస్తున్నాడో తెలియలేదు. "అది నా కాలు," అని పైనుంచి ఆర్వో అన్నాడు. కాస్త పక్కకి జరిపి కోశాడు. ఏదో తెగింది. వెనక్కి పాకి తాడు పట్టుకుని లాగితే, పాత పంటి వేరు ఊడినట్టు, ఆర్వో మెల్లగా ఊడి వచ్చాడు.

పడవలో పడేసరికి ఆయన వణుకుడికి పడవంతా వణికింది. వెస్లీ తడిబట్టలు విప్పించి, తన ఒంటిమీద పొడిగా మిగిలిన ఊలు చొక్కా తొడిగి, మీద కోటు కప్పి, గాలి తగలకుండా పడవ అడుగున పడుకోబెట్టి, తను వెనకనుంచి కౌగిలించుకుని పడుకున్నాడు. ఫ్లాస్కులో మిగిలిన కాఫీ గుక్కగుక్కగా తాగించాడు. చేయడానికి ఇంకేమీ లేదు. దిబ్బ ముందుంది, ఊబి వెనకుంది, పైన మబ్బుంది. పళ్లు టకటకమంటుంటే ఆర్వో తన తల్లి భాషలో ఏదో గొణిగాడు. వెస్లీకి ఆ భాష రాదు. తొమ్మిదేళ్లలో నేర్చుకోవాలని ఎందుకు అనిపించలేదో అనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి రాలేదని ఐలీ చుట్టుపక్కలవాళ్లకి ఫోన్లు చేసింది. సిల్వియా తన బల్లపరుపు పడవ వేసుకుని, దారిలో ఇంకో ఇద్దరు పడవలవాళ్లని వెంటేసుకుని ఆ ఇరుకు మూతి దగ్గరికి వచ్చింది. మూడు పడవల ముక్కులూ దిబ్బకి ఆనించి, ఒకేసారి మోటార్లు పెంచి ఒక పక్కకి నెట్టారు. ఒక పడవ పట్టేంత సందు పడింది.

"ఆర్వో, బతికే ఉన్నావా?" అంది సిల్వియా తన పడవ లోపలికి తెచ్చి, పైనుంచి తొంగిచూసి. "పడవలో ఒక బూటే ఉందేం?"

"రెండోది దిబ్బ ఉంచుకుంది."

"దానికి నీకన్నా బుద్ధుంది. చెయ్యివ్వు."

ఆ రాత్రే ఆర్వోకి జ్వరం వచ్చింది. తెల్లారేసరికి ఊపిరి గురగురలాడింది. సోమవారమంతా వెస్లీ, ఐలీ జిల్లా ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరిందని, భయం లేదని సాయంత్రానికి డాక్టరు చెప్పాడు. మర్నాడు కొట్టు తెరిచి, వెనక గదిలోకి వెళ్లి వెస్లీ ఫోను చేశాడు. అవతలివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. మీ నుంచి కబురు రాలేదు కదా, తరవాతి మనిషికి ఇచ్చేశాం అన్నారు. కారణం చెప్పాడు. అయ్యో అన్నారు.

ఫోను పెట్టేసి తొట్ల మధ్య నిలబడ్డాడు. చిన్నచేపలు గుంపుగా గాజుకేసి కొట్టుకుని, తిరిగి, మళ్లీ అటే వస్తున్నాయి. ముందు గదిలోంచి ఎవరో పిలిచారు, వానపాములు కావాలట. వెళ్లి ఇచ్చాడు.

ఆర్వో ఇంటికి వచ్చాక మొదటి వారం మంచం మీదే ఉన్నాడు. రెండో వారం దుప్పటి కప్పుకుని కిందికి దిగి, గల్లా దగ్గర ఎత్తు పీట మీద కూర్చున్నాడు. దిబ్బ మీద మాట్లాడుకున్న మాటల ఊసే ఎత్తలేదు. మందులు వేసుకున్నాడు, టపాల్లో వచ్చిన ఎరలకి ధరలు అతికించాడు, అల్లుడు తప్పు చోట తగిలిస్తే సరిచేశాడు. చలికి మతిపోయి అన్న మాటలేమో, గుర్తులేవేమో అనుకున్నాడు వెస్లీ. కుడితిలో పడ్డ ఎలుకలాగా ఉంది అతనికి. గోడ దొరికినట్టే దొరికి జారిపోయింది.

శనివారం కొట్టు నిండా జనం. సిల్వియా ఎరల గోడ ముందు నిలబడి రెండు రేకుల్లో ఏది తీసుకోవాలో తేల్చుకోలేక తిడుతోంది. అప్పుడు పాస్టరు అడిగాడు, "అల్లుడు వెళ్లిపోతున్నాడని విన్నాను, నిజమేనా ఆర్వో?"

"ఎవరన్నారు?" అన్నాడు ఆర్వో. "ఎక్కడికీ పోడు. ఆ పని వేరేవాడికిచ్చేశారు. ఒకందుకు మంచిదే అయింది."

అంటే అన్నీ గుర్తున్నాయన్నమాట. పని పోయిన సంగతి ఐలీ చెప్పి ఉండాలి.

వెస్లీ అప్పుడు చేతివలతో చిన్నచేపల్ని తొట్లోంచి తీసి ఒకతని బకెట్లో పోస్తున్నాడు. చెయ్యి ఆగింది. తొమ్మిదేళ్లుగా ఇలాంటి క్షణాల్లో అతను చేసిన పని ఒక్కటే, నవ్వి ఊరుకోవడం. పెదాలు అలవాటుగా ఆ నవ్వుకి సిద్ధమయ్యాయి కూడా. దిబ్బ మీద ఈ మనిషి కోసం భుజం దాకా దించిన చెయ్యి ఇదే. అప్పుడు చెప్పగలిగినవాడు ఇప్పుడెందుకు చెప్పలేడు?

"పని పోయింది," అన్నాడు. "అయినా వెళ్తున్నాం."

కొట్లో ఉన్న జనం ఇటు తిరిగారు.

"ఎక్కడికి?" అన్నాడు ఆర్వో.

"ఇంకా తెలీదు."

"తెలీకుండా ఎవడన్నా వెళ్తాడా?"

"తెలిసే దిగారా మీరు దిబ్బ మీదికి?"

సిల్వియా పగలబడి నవ్వింది. ఇంకో ఇద్దరు ముసిముసిగా నవ్వారు. ఆర్వో నవ్వలేదు. దుప్పటి దగ్గరికి లాక్కుని, పీట దిగి, మెల్లగా వెనక గదిలోకి వెళ్లిపోయాడు. వెస్లీ బకెట్లో మిగతా చేపలు పోశాడు. ఒక్కటి కూడా కింద పడలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ వంటింట్లో ఉండగా తలుపు చప్పుడైంది. మెల్లగా, రెండుసార్లు. ఐలీ, వెస్లీ ఒకరినొకరు చూసుకున్నారు. పైకి వచ్చేది ఆర్వో ఒక్కడే. ఆయన ఏనాడూ తలుపు తట్టి ఎరగడు, గొంతు వినిపిస్తూ ఉండగానే మనిషి లోపల ఉంటాడు. ఐలీ వెళ్లి తీసింది.

"రావచ్చా?" అన్నాడు ఆర్వో.

మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. కుర్చీలో కూర్చుని చేతులు టేబుల్ మీద పెట్టాడు.

"మధ్యాహ్నం మా పెదనాన్న మనవడికి ఫోను చేశాను," అన్నాడు. "పెద్ద సరస్సు ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డు ఉంది వాడికి. మనిషి కావాలన్నాడు. ఇల్లు కూడా చూస్తానన్నాడు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి రమ్మన్నాడు. నేను సరేనన్నాను."

ఐలీ గరిటె పక్కన పెట్టింది. మంచి పని, మంచి చోటు. అంతా అమరింది. వెస్లీకి ఈసారి దిబ్బలో దిగబడింది తనేననిపించింది.

"వద్దు ఆర్వో," అన్నాడు. గొంతు పెంచలేదు. "నేనే చూసుకుంటాను."

"నీకేం తెలుసని? వాడు మంచివాడు."

"అయుంటాడు. వద్దు."

ఆర్వో నోరు తెరిచాడు. పైకప్పు కారడం, ముడి సరిగా వెయ్యకపోవడం, వంతెన కిందివాళ్లు, అన్నీ ఆ నోటి దాకా వచ్చాయని వెస్లీకి తెలుస్తూనే ఉంది. కూర ఆవిరి కిటికీ అద్దాన్ని మసకపరుస్తోంది. కింద తొట్ల మోటారు సన్నగా మూలుగుతోంది. ఆర్వో నోరు మూసుకున్నాడు. అలా మూసుకోవడం ఆయనకి ఎంత కష్టమో మెడ మీద నరం చెప్పింది.

"సరే," అన్నాడు చివరికి. "రేపు వాడికి ఫోను చేసి చెబుతాను, రావట్లేదని."

"నేను చెబుతాను. నంబరివ్వండి."

ఆర్వో తల ఊపాడు. నంబరు చూసి చెప్పడానికి కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాడు, అది కింద మర్చిపోయాడు. ఐలీ మూడో కంచం తీసి, పొయ్యి మీద కూర కలిపి, తండ్రి ముందు పెట్టింది. ఒక ముద్ద తిని, ఉప్పు తక్కువైందని ఆయన అనబోయి, పక్కనున్న ఉప్పు డబ్బా తనే అందుకున్నాడు.